ఆమ్లజని అయ్యవారి గుంట

తోటపల్లి గూడూరు ప్రాంతంలో హజరత్తయ్యగారు అంటే తెలియనివారికి కూడా ఆమ్లజని అయ్యవారు అంటే తెలుస్తుంది. ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం చెప్పినన్నాళ్లూ, ఎవరైనా ఆక్సిజన్ అని పలికితే చాలు, పాఠం ఆపి ఆ మాట పుట్టుక వివరించేవారు. గ్రీకులో ‘ఆక్సుస్’ అంటే పులుపు, ‘గెనెస్’ అంటే పుట్టించేది. ఇంగ్లీషువారి ‘యాసిడ్’ మాత్రం లాటినులో పుల్లనిదని అర్థమిచ్చే ‘ఆకిదుస్’ నుంచి వచ్చింది. ఈ వాయువు లేనిదే ఆమ్లం లేదని భ్రమపడిన ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ గ్రీకు పేరు పెట్టాడు. అది పొరపాటని తేలేసరికి పేరు లోకమంతటా పాతుకుపోయింది. మన పెద్దలు దాన్నే ఆమ్లజని అని తెలుగు చేసుకున్నారు.

ఉద్యోగ విరమణ తరువాత ఆయన, భర్తను పోగొట్టుకున్న కోడలు రేవతి కోసం, ఉన్న వరిచేను తవ్వించి రొయ్యల గుంట చేశారు. ఈ పంట పోతే మళ్లీ రొయ్య పిల్లలను కొని వదిలే శక్తి ఆ ఇంటికి లేదు.

పక్క గుంట పెంచలప్రసాద్‌ది. అతను ఆయన శిష్యుడే. ఆ గుంటకు, పెంకు మీద మచ్చలు లేపి చంపే తెల్లమచ్చ తెగులు సోకి రొయ్యలన్నీ చచ్చాయి. తెగులు తగిలిన గుంట మనిషి మరొకరి గట్టు ఎక్కకూడదన్నది అక్కడి కట్టుబాటు. పలకరించబోయిన ప్రసాద్‌ను హజరత్తయ్యగారు నలుగురి ఎదుట గట్టు దిగమన్నారు.

మర్నాడు తెల్లవారుతుండగా కరెంటు పోయింది. జనరేటరు ఎంత తిప్పినా అందుకోలేదు. నీటిని చిలికి గాలి కలిపే చక్రాలు ఆగిపోయాయి. ఊపిరాడక రొయ్యలు పైకి తేలసాగాయి.

“అంచుకొచ్చేసినాయి మామా,” అంది రేవతి, నడుములోతు నీళ్లలో దిగి, గాలి కలిసేలా తాటిమట్టతో నీటిని కొడుతూ. “ప్రసాదన్న జనరేటరు ఊరికే ఉండాది. అడగండి.”

“వాడు గట్టెక్కితే తెగులొస్తాది గదమ్మా.”

“ఎక్కకుంటే ఇవి బతుకుతాయా?”

ఆయన ఫోను చేశారు.

“ఆక్సిజన్ చాలలేదా అయ్యోరా?” అన్నాడు ప్రసాద్. “తప్పు, ఆమ్లజని అనాల. లేకుంటే గోడకుర్చీ వేయిస్తారు.”

“పేరేదన్నా కానీరా. గాలి... గాలి కావాలబ్బయ్యా.”

కాసేపటికి జనరేటరును లాక్కొస్తున్న ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

ప్రసాద్ గట్టు మొదట్లో ఆగి, మందు నీళ్ల తొట్టిలో కాళ్లు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. “కాలు పెట్టమంటారా?” అని అడిగాడు. హజరత్తయ్యగారు చేయి పట్టుకుని పైకి లాగారు.

చక్రాలు తిరిగాయి. అప్పటికే అంచు పొడుగునా రొయ్యలు చచ్చి పాలిపోయి ఉన్నాయి. మిగిలినవాటి సంగతి చూద్దామని, నీళ్లలోకి వేలాడదీసిన మేత పళ్లెం తాడు మీద ప్రసాద్ చేయి వేశాడు.

“నువ్వు ముట్టుకోబాకన్నా,” అంది రేవతి. అని తల దించుకుని, తానే తాడు పైకి లాగింది.

పళ్లెంలో సగానికి సగం రొయ్యలు కదులుతూ కనిపించాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే హజరత్తయ్యగారు మేత పళ్లెంలోని ఒక్కో రొయ్యనూ పట్టి, తలపెంకు మీద మచ్చ ఉందేమోనని ఎండకెత్తి చూస్తున్నారు. పక్క గట్టు మీద ప్రసాద్ నిలబడి ఉంటాడు. ఏమైందని అడగడు.