రాయి కింది బొగ్గులు

మా పెదనాన్న యల్లమందకు చదువు రాదు గానీ, గురజాల పక్కనున్న మా జమీలో ఏ పొలం ఎక్కడ ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. దివాణం తరఫున హద్దురాళ్ళు పాతడమే ఆయన పని.

పెద్దదొర కాలంలో ఒక పద్ధతి ఉండేది. రాయి పాతే ముందు గుంటలో బొగ్గులు పోయాలి. బొగ్గు మట్టిలో కుళ్ళదు, చెదలు ముట్టవు. రాయి పోయినా హద్దు పోదు. పెదనాన్న గుంట తవ్వితే, పెద్దదొర గుర్రం దిగి, రైతు చూస్తుండగా తన చేత్తోనే బొగ్గులు పోసేవాడు. ఆ మసి రైతు పైగుడ్డకే తుడుచుకునేవాడట. రైతులు ఆ గుడ్డ నాలుగు రోజులు ఉతికేవాళ్ళు కాదు.

మనవడు ధనుంజయరావు దొర నాటికి గుర్రాలు లేవు, దివాణం గోడలకు సున్నమూ లేదు. నలభై తొమ్మిదిలో జమీలు పోయాయి. రైతుల భూములు రైతులకేననీ, దొరకు సొంత సేద్యం మాత్రమే మిగులుతుందనీ తెలిసింది. సర్వే రాకముందే దొర పెదనాన్నను పిలిపించి, పక్కచేను రైతు జాన్ సాహెబ్ రెండెకరాలూ తన సేద్యంలో కలిసేటట్టు రాళ్ళు జరపమన్నాడు. జాన్ సాహెబ్‌కు ఉన్నదంతా ఆ రెండెకరాలే. నలభై ఏళ్ళు ఆ ఇంటి అన్నం తిన్న పెదనాన్న కాదనలేక జరిపాడు. మావాడని వెనకేసుకు రాను, అది తప్పే.

సర్వే అధికారి వచ్చి, దొర పక్కనుండగా రాళ్ళను బట్టి కొలత గొలుసు పట్టించబోతే జాన్ సాహెబ్ అడ్డం నిలబడ్డాడు. సాక్ష్యం ఏదని అధికారి అడిగాడు.

“మామా, పాతింది నువ్వేగా. నువ్వు కాదంటే ఈ చేలోంచి ఇప్పుడే పోతా” అన్నాడు జాన్ సాహెబ్, పెదనాన్నతో.

పెదనాన్న గునపం తీసుకుని, జొన్నచేనుకు అడ్డంపడి అవతలి గట్టుకు నడిచాడు. మోకాలి లోతు తవ్వేసరికి నల్లగా బొగ్గులు బయటపడ్డాయి. అధికారి వంగి చూసి, పాత హద్దు ఇదేనని రాసుకున్నాడు.

“ఏందిరా యల్లమందా, రాయి పీకినోడివి బొగ్గులెందుకు పీకలా?” అన్నాడు దొర.

“రాళ్ళు నేను పాతినియ్యి దొరా, పీకా. బొగ్గులు మీ తాతగారు పోసినియ్యి. చెయ్యి రాలా.”

దొర ఆ గుంటలోకే చూస్తూ, రేపటి నుంచి దివాణానికి రావద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

పెదనాన్నా, జాన్ సాహెబూ కలిసి రాయిని మోసుకొచ్చి, ఆ బొగ్గుల మీదే నిలబెట్టారు. మసి చేతులతో పెదనాన్న నిలబడిపోతే, జాన్ సాహెబ్ తన పైగుడ్డ అందించాడు.