గడియారంలో గోదావరి నీళ్లు

గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులవి. కొవ్వూరు వెళ్లే పడవ వరదలో మునిగి మా అన్నయ్య కనబడకుండా పోయాడు. కొన్నాళ్లకు దిగువన జాలర్లకు ఒక శవం దొరికింది. పోల్చుకునేలా లేకపోవడంతో ఒడ్డునే పూడ్చేసి, జేబులోని గడియారం మాకు తెచ్చి ఇచ్చారు.

“ఇలాంటివి ఊళ్లో ఎందరికో ఉంటాయి. ఇది ఆయనది కాదు” అంది వదిన.

రాజమండ్రిలో అన్నయ్యకు తెలిసిన గడియారాల రిపేరు ఆయన దగ్గరకు తీసుకెళ్లాను. మూత తీయగానే బురదనీళ్లు బల్ల మీద కారాయి. ఆయన మూత లోపలివైపు తుడిచి, అక్కడ గీసి ఉన్న గుర్తు చూపించాడు.

“ఇది నేను పెట్టిన గుర్తేనండి. వేసవిలో మీ అన్నగారికి బాగుచేసి ఇచ్చాను. ఆరబెట్టి నడిపించమంటారా?”

వద్దన్నాను.

వదిన గుమ్మంలోనే ఎదురొచ్చింది. “ఆయనది కాదు కదూ?” అంది. “అన్నయ్యదే” అంటూ గడియారం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అక్కడే కూలబడిపోయింది.

నిజం ఎప్పటికైనా తెలియాల్సిందే. కానీ దాన్ని ఆవిడ దగ్గరకు మోసుకెళ్లింది నేను. ఆ గుమ్మంలో నిలబడ్డ క్షణం నన్ను ఈనాటికీ వదల్లేదు.