వేలంపాటలో స్పెయిన్ సీసా

మా మేనత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్ హోటల్లో డ్యూటీలో ఉన్నాను. ఒక స్పెయిన్ ఎర్ర వైన్ గురించి అతిథులకు అప్పుడే చెప్పి వచ్చాను. చెప్పిన మాటల్లో సగం ఆమెవే. నారాయణఖేడ్ చేరేదాకా బస్సులో ఏడ్చాను. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే మాత్రం నవ్వు ఆగడం లేదు. ఆమె మనిషే అలాంటిది.

ఆమె మా నాయనకు అక్క. మనూర్ దగ్గర వానను నమ్ముకున్న చేను ఆమెది. మంచి ముచ్చట ఏది విన్నా కూర్చోలేకపోయేది, లేచి నిలబడేది. హోటల్లో వైన్ గురించి చెప్పి పోసే పని దొరికిందని నేను చెప్పినప్పుడు, చేతిలో చాట కింద పెట్టి లేచి నిలబడింది. నాయన మాత్రం "సారా పోసే కొలువా?" అని మొహం తిప్పుకున్నాడు. మా ఇంట్లో మందు ముట్టినవాళ్లు లేరు. చర్చిలో ప్రభువు బల్లకు కూడా కాచిన ద్రాక్షరసమే. అడిగినవాళ్లకల్లా నేను హోటల్లో లెక్కలు రాస్తానని చెప్పుకొచ్చాడు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఉద్యోగం ఖాయం కావాలంటే హోటల్ పెద్దల ముందు ఒక వైన్ గురించి చెప్పాలి. నా వంతుకు ఆ స్పెయిన్ సీసా వచ్చింది. గర్నాచా, కరిన్యేనా, గ్రాసియానో అని, ఆ దేశపు సొంత ద్రాక్షలు మూడు కలిపి చేసింది. బట్టీపట్టి మేనత్తకు ఫోన్‌లో అప్పజెప్పాను.

"గీ పాఠం నాకొద్దు బిడ్డా. ఆ మూడు ఏమేం పని జేస్తయో చెప్పు."

గర్నాచా పండిన తీపినిస్తుంది, కరిన్యేనా పులుపూ రంగూ ఇస్తుంది, గ్రాసియానో వాసనకు అన్నాను. అక్కడి పాత తోటల్లో రకాలన్నీ ఒకే చేనులో కలిపి నాటేవాళ్లట అనగానే, అవతల ఆమె లేచి నిలబడిందని గొంతును బట్టే తెలిసిపోయింది.

"అగో! మనం జొన్నల్ల కంది, పెసర కలిపి ఏసినట్టే గద! ఒకటి ఎండకు పోతే ఇంకోటి నిలవడ్తది. గీ ముచ్చట చెప్పు వాళ్లకు!"

అదే చెప్పాను. ఉద్యోగం ఖాయమైంది. మేనేజర్ ఆ సీసానే నా చేతిలో పెట్టాడు. తెచ్చి ఆమెకిచ్చాను. ఇచ్చిన పాపానికి, వచ్చే ఆదివారమే కోతల పండుగ.

ఆ రోజు ఎవరి మొదటి పంట వాళ్లు చర్చికి తెస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి నడుమ మేనత్త తెచ్చి పెట్టిన మా సీసా! పాస్టరయ్య కళ్లద్దాలు సవరించుకుని దాన్ని ఎత్తాడు.

"ఇదేందమ్మా?"

ఆమె అప్పటికే నిలబడి ఉంది. "కోడి సాదినామె కోడి తెచ్చింది. నా కోడలు గీ ద్రాక్షల ముచ్చట చెప్పి బతుకుతుంది. దాని మొదటి పంట గిది."

"చర్చిల సారా వేలమెట్ల ఏస్తమమ్మా?"

"తాగమంటున్ననా అయ్యగారూ? కష్టం జూడమంటున్న."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి నవ్వి వేలంపాట మొదలుపెట్టాడు. ఎవరూ పాడలేదు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి నాయన గొంతు.

"నేను పాడుతున్న."

నేను నమ్మలేకపోయాను. మేనత్త ఊరుకుందా? తమ్ముడి మీద తనే పాట పెంచింది! "గంత తక్కువకిస్తరా నా కోడలు కష్టం?" అంటూ రెండుసార్లు పెంచింది. చర్చి మొత్తం నవ్వు. నాయన చెమటలు తుడుచుకుంటూ పాడి గెలిచాడు.

కొన్నాడే గానీ, నా పని పేరు ఆయన నోట రాలేదు. సీసాను మూత తీయకుండా షెల్ఫులో పెట్టాడు. మేనత్త ఇంటికొచ్చినప్పుడల్లా తలుపు పక్క పీట మీద కూర్చుని "మూడు పేర్లు చెప్పు తమ్మీ" అని సతాయించేది. ఆయన విననట్టే ఉండేవాడు. ఆయన చెప్పకపోతే, జొన్నల్లో కంది ముచ్చటతో సహా తనే చెప్పేది.

ఆమెను మట్టి చేసి వచ్చాక, కంగ్టి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన నన్ను చూసి "బిడ్డ ఏం జేస్తుంది?" అని అడిగాడు. లెక్కల మాట వస్తుందని తల దించుకున్నాను. నాయన లేచి షెల్ఫులోంచి సీసా తీశాడు. తువాలుతో దుమ్ము తుడిచాడు.

"హోటల్ల వైన్ ముచ్చట చెప్తది నా బిడ్డ. గిండ్ల మూడు తీర్ల ద్రాక్షలుంటయి. మనం జొన్నల్ల కంది ఏసినట్టు. ఒకటి ఎండకు పోతే ఇంకోటి నిలవడ్తది. గర్నాచా, కరిన్యేనా..."

మూడోది గుర్తుకు రాలేదు. "ఏందక్కా అది?" అంటూ అలవాటుగా తలుపు పక్కకు తిరిగాడు. పీట ఖాళీగా ఉంది.

నేను లేచి నిలబడ్డాను.