ఖాళీగా ఉంచిన గడి

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, గుజ్జు వేడి చేసే ట్యాంకు పక్కన ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పెట్టె ఉంది. అందులోని ప్రోగ్రాం నేను రాసినదే. రీడింగులు దాచేందుకు ఎనిమిది గళ్లను చక్రంలా అమర్చాను. కొత్తది వచ్చినప్పుడల్లా అన్నింటికన్నా పాతది తొలగిపోతుంది. అయితే ఏడు గళ్లే నింపి, ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను.

ఈ ఉదయం కొత్తగా చేరిన ఇంజనీరు అది చూసి నవ్వాడు.

"ఒక గడి దండగ చేసినావు కదన్నా! ఇది యాడ సదివినావు?"

"యాడా సదవలేదప్పా. మూడు తూర్లు తప్పు చేసి నేర్చుకున్నా."

అతను వినకుండా ఎనిమిదో గడి కూడా నిండేలా మార్చేశాడు. కాసేపటికే ట్యాంకు దగ్గర నుంచి ఆపరేటర్ మునిరత్నం కేకేశాడు.

"ఏమబ్బా, ఈడ గుజ్జు కుతకుతా ఉడకతా ఉంటే, మీ పెట్టె రీడింగే లేదంటాదే!"

చక్రం పూర్తిగా నిండితే, రీడింగుల మొదలు, చివర ఎక్కడో చూపే గుర్తులు రెండూ ఒకే గడి మీదికి వస్తాయి. పూర్తిగా ఖాళీ అయినా అంతే. అందుకే నిండిన చక్రాన్ని పెట్టె ఖాళీ అనుకుంది. ఆ తేడా తెలిపేది వదిలిపెట్టిన ఆ ఒక్క గడే. రీడింగు లేకుంటే కొనేవారు గుజ్జును వెనక్కి పంపేస్తారు. వెంటనే నా పాత ప్రోగ్రామునే తిరిగి ఎక్కించాను. రీడింగులు వచ్చాయి.

తరువాత నా తనిఖీ జాబితాలో పన్నెండో అంశం చేర్చి, దాన్నే కాగితం మీద రాసి పెట్టె మీద అంటించాను: "ఒక గడి కావాలనే ఖాళీగా ఉంచబడినది. నింపరాదు."

నిండిన గళ్లను విడిగా లెక్కపెట్టుకునే పద్ధతి కూడా ఉందని నాకు తెలుసు. మీలో దానిని వాడేవారు ఉంటే, కారణం ఈ పోస్టు కింద రాయండి, చదువుతాను. నా గడిని మాత్రం దండగ అనకండి.