ఒరిజినల్స్ ఫైల్

అమెరికాలో, హెర్న్‌డన్‌ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో ఒక ఆఫ్ఘన్ కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన వాళ్ళ దేశంలో అమెరికా సైన్యానికి దుబాసీగా పనిచేసి, ఆ పనిచేసినవాళ్ళకి ఇచ్చే వీసా మీదే ఇక్కడికి వచ్చి, టాక్సీ నడుపుకునేవాడు. అక్కడి యుద్ధం గురించి నేనెప్పుడూ అడగలేదు, అతనూ చెప్పలేదు. హిందీ, ఇంగ్లిష్ కలగలిపి మేం మాట్లాడుకున్నదంతా వీసాల గురించే.

వీసా కాగితాల విషయంలో నాకు కాస్త గర్వం ఉండేది, దాచుకోవడం ఎందుకు? వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళే మనవాళ్ళు ముందు నా దగ్గరికే వచ్చేవారు. ఏ కాగితం పైన ఉండాలి, ఏది కింద ఉండాలి, అన్నీ నేనే సర్దిపెట్టేదాన్ని. "ఇవన్నీ ఎవడు అడుగుతాడులే" అన్నవాళ్ళ మీద మండిపడేదాన్ని. అడిగితే?

"నీ ఫైల్ పిచ్చి తగలెయ్య! గ్రోసరీస్‌కి వెళ్ళినా డిగ్రీ సర్టిఫికెట్ క్యారీ చేసేట్టున్నావ్" అని మావారు ఆటపట్టించేవారు.

అందుకే కింది ఫ్లోర్ ఆఫ్ఘన్ తన తమ్ముడి వీసా కేసు నా చేతిలో పెట్టాడు. తమ్ముడిదీ అదే ఉద్యోగం. సైన్యమేమో మూటాముల్లె సర్దుకుంటోంది, తమ్ముడేమో కాబూల్‌లో చిక్కుకుపోయాడు. ఫారాలన్నీ నేనే నింపి, నా ఈమెయిల్ ఇచ్చాను. ఆ ఆగస్టులో నగరం తిరుగుబాటుదారుల వశమైంది. ఎలాగోలా ఎయిర్‌పోర్ట్‌కి చేరితే విమానం ఎక్కిస్తారని కబురు వచ్చింది.

లంచ్ టైంలో అతను పరుగున మెట్లెక్కి వచ్చాడు. ఫోన్‌లో తమ్ముడు లైన్‌లోనే ఉన్నాడు.

"సిస్టర్, కాగితాలన్నీ అమ్మ పిండి డబ్బాలో దాచింది. వాటి ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. వాడు గేటు దగ్గరికి చేరాక పంపిస్తాను, చాలదా?"

"ఫొటోలేంటి భాయ్! ఆర్మీ లెటర్, బ్యాడ్జ్, సర్టిఫికెట్లు, అన్నీ ఒరిజినల్సే తీసుకెళ్ళమనండి. లేకపోతే గేటు దగ్గర రిజెక్ట్ చేసేస్తారు."

అతను ఏదో అనబోయి ఆగాడు. తర్వాత ఫోన్‌లో తన భాషలో చెప్పాడు. అందులో నాకు 'ఒరిజినల్' అన్న మాట ఒక్కటే అర్థమైంది.

ఎయిర్‌పోర్ట్ దారిలో తిరుగుబాటుదారుల చెక్‌పోస్ట్ దగ్గర తమ్ముణ్ణి ఆపారు. చొక్కా లోపల కట్టుకున్న ఫైల్ దొరికింది, సైన్యానికి పనిచేసిన రుజువులన్నీ అందులోనే ఉన్నాయి. వెంట వెళ్ళిన పక్కింటాయన దగ్గర ఏ కాగితమూ లేదు, ఆయన్ని వదిలేశారు. ఆయనే తిరిగి వచ్చి తల్లికి చెప్పాడు. మూడో రోజు రోడ్డు పక్కన శవం దొరికింది.

నా జీవితంలో కాగితాలు అడిగినవాళ్ళందరూ అద్దం వెనక కూర్చున్న ఆఫీసర్లే. తుపాకి పట్టుకున్నవాడు కూడా అడుగుతాడని నాకు తట్టనే లేదు. "నువ్వు మంచికే చెప్పావు, వదిలెయ్" అన్నారు మావారు. ఆ 'మంచి' అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులారా ఒక మనిషిని చావుకి పంపాను, అందులో మంచేమిటి?

నవంబరులో నా ఇన్‌బాక్స్‌కి ఒక మెయిల్ వచ్చింది. తమ్ముడి దరఖాస్తు ముందుకు కదిలిందట. ఇంటర్వ్యూకి ఒరిజినల్ పత్రాలన్నీ వెంట తెచ్చుకోవాలట. దాచడం చేతకాక కిందికి వెళ్ళాను. పార్కింగ్‌లో అతను టాక్సీ తుడుచుకుంటున్నాడు. ఫోన్ అందించి, "తప్పంతా నాదే భాయ్" అన్నాను.

అతను మెయిల్ రెండుసార్లు చదివాడు.

"మీకు తెలియదు సిస్టర్. నాకు తెలుసు. ఆ చెక్‌పోస్టులు నేను చూశాను. ఒంటిమీద అలాంటి కాగితం దొరికితే ఏం చేస్తారో కూడా చూశాను. అయినా అమెరికా కాగితాల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు కదా అని నోరు మూసుకున్నాను."

ఫోన్ తిరిగి ఇచ్చేసి, మళ్ళీ అద్దాలు తుడవడంలో పడ్డాడు. నన్ను తిట్టినా బాగుండేది.