పీత కొవ్వు ఎవరి పళ్లెంలోకి

మా ఆడపడుచు పుట్టింటికి పురిటికి వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి తల్లినీ బిడ్డనీ తెచ్చుకున్న నాలుగు రోజులకే మా అత్త పీతల కోసం ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరకు కబురు పెట్టింది. బాలింతకు పీతల పులుసు పెడితే పాలు బాగా పడతాయని మా ఊళ్లో నమ్మకం. పులుసు ఇంటిల్లిపాదికీ. డొప్ప విప్పితే కనబడే పసుపుపచ్చ కొవ్వు మాత్రం అందరికీ దొరకదు, ఎవరంటే ప్రాణమో వాళ్లకే.

నేను విజయనగరంలో జువాలజీ చెబుతాను. ఎక్కడ పడితే అక్కడ పాఠం మొదలుపెడతానని మా ఆయన వెక్కిరిస్తాడు. నిజమే. కానీ ఆ ఏడాది మా ల్యాబు తొట్టెలో ఉన్నవి ఆ మొగ పీతలే, ఫ్యాక్టరీ కాలువ కలిసే చోటివి. ఎదురుగా మేత వేసినా వాసన పట్టలేక తొట్టె అంతా తడుముకునేవి. పాత పెంకు విడవలేక కొన్ని మధ్యలోనే చచ్చిపోయాయి. పరీక్ష చేస్తే సీసం, కాడ్మియం తేలాయి. కండలో కాస్తే ఉంది. ఎక్కువంతా చేరింది ఆ కొవ్వులోనే.

వంటింట్లోకి వెళ్లేసరికి పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది, అత్త ఆ కొవ్వునే వేలితో తీసి గిన్నెలో పోగు చేస్తోంది.

"అత్తా, ఆ కొవ్వు బాలింతకు పెట్టకు. అందులో విషం ఉంది, పాలల్లోకి దిగుతుంది."

"ఓలమ్మో, పీతలో విసమేటే! ఇంకో రెండు పొంగులు రానిత్తాను, పోతాది."

"ఎంత ఉడికించినా పోదు."

తొట్టెలో పీతల సంగతంతా చెప్పాను. గిన్నె కింద పెట్టి వింది. "అయ్యో, ఎదర తిండున్నా తెలీకుండా పోనాదా వాటికి!" అని నొచ్చుకుంది. పులుసూ కొవ్వూ తీసుకెళ్లి, కుక్కలు కూడా ముట్టకుండా పెరట్లో గొయ్యి తీసి పూడ్చేసింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుందే అని నేను లోలోపల మురిసిపోయాను.

చేతులు కడుక్కుని వచ్చి, అరుగు మీద బొమ్మలు వేసుకుంటున్న నా కూతుర్ని చూసి గొంతు తగ్గించింది.

"నీకు అమ్మ నేదని నీ పురుడూ నానే పోసినాను కదే. ఆ కొవ్వంతా నీకే తినిపించినాను, ఇంకెవుల్నీ ముట్టనివ్వనేదు. పిల్లదానికేటీ అవదు కదా?"

"ఏమీ అవదత్తా" అన్నాను. అవుతుందో లేదో నాకూ తెలియదు.