దసరా పూట సర్వర్‌కు సెలవు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మనకొచ్చిన నాలుగు ముక్కలతోనే లోకం నడుస్తోందనిపిస్తుంది. నాకైతే మరీనూ. రక్తదాతల పేర్లు నమోదు చేసే చిన్న సేవాసంఘం మాది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది, ఎల్బీనగర్‌లో ఇంకో గది. రెండు చోట్లా ఒకే జాబితా కనిపించాలని, ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్‌లో డేటాబేస్ పెట్టి, దాని నుదుట ‘సర్వర్’ అని చీటీ అంటించాను. (చీటీ పడ్డాక దాని మర్యాదా, నా మర్యాదా రెండూ పెరిగాయి.) బ్యాకప్ కూడా ఉండేది. అదే కంప్యూటర్‌లో, ఇంకో ఫోల్డర్‌లో.

సంఘం నడిపేది మాస్టారు. రాజమండ్రి వైపు బడిలో పాఠాలు చెప్పి రిటైరై వచ్చిన మనిషి. దసరా నాడు ఆయుధపూజ పెట్టించారు. “ఏవోయ్, ఏడాదంతా చాకిరీ చేస్తోంది. పూజ పూటైనా దాన్ని పడుకోనీ,” అన్నారు. పండగ పూట ఎవరడుగుతారులే అని సర్వర్ ఆపేశాను. దానికి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, నా స్క్రూడ్రైవర్‌కు కూడా బొట్టు పెట్టి అమ్మవారి ముందుంచాం. మాస్టారు భక్తిగా కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు సగం పళ్లెంలో పడ్డాయి, మిగతా సగం సర్వర్ జాలీలోంచి లోపలికి పోయాయి.

హారతి ఇస్తుండగా ఎల్బీనగర్ గది చూసుకునే అక్క ఫోన్ చేసింది. నల్గొండ మనిషి, పండగైనా గది తెరిచేది. “తమ్మీ, పేర్లు ఒస్తలేవేంది? గీడ ఒకాయన నిలబడ్డడు. భార్య కాన్పుకొచ్చి దవాఖానల ఉన్నది, నెత్తురు ఆగుతలేదట. ఓ నెగెటివ్ గావాలె, ఆడ లేదంట. జర జల్ది సూడు.”

స్విచ్ వేస్తే చిటపటమంది, కాలిన వాసనొచ్చింది. మాస్టారు హారతి పళ్లెం కింద పెట్టేశారు. లోపలి డిస్కు తీసి అక్క కంప్యూటర్‌కు తగిలిస్తే పేర్లు దొరకొచ్చు. తీయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. అది పూజలో ఉంది, ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదని ఇందాక ఆయనే అన్నారు. నేను దాని వంక చూశాను. ఆయనే దాన్ని తీసి, పంచెకు తుడిచి నా చేతిలో పెట్టారు. “తియ్యి నాయనా, అమ్మ ఏవీ అనుకోదు.”

డిస్కును మాస్టారి కండువాలో చుట్టుకుని మెట్రోకి పరిగెత్తాను. తనిఖీ దగ్గర అతను కండువా విప్పి చూశాడు. “ఏందన్నా ఇది?” “డిస్కు.” “మరి గీ కుంకుమేంది?” “పూజ చేశాం.” నన్ను పైనుంచి కిందిదాకా చూసి పొమ్మన్నాడు. ఇవాళ నవ్వొస్తుంది కానీ, ఆ వేళ ఏడుపొచ్చింది.

అదృష్టం, అక్క కంప్యూటర్‌కు తగిలిస్తే డిస్కు తెరుచుకుంది. పేర్లున్నాయి, మనుషులే ఊళ్లో లేరు. పండక్కి సొంతూళ్లకు పోయారు. ఒకరు సూర్యాపేటలో, ఒకరు బస్సులో. ఆ భర్త గోడకానుకుని, మేం ఫోన్ చేసిన ప్రతిసారీ మా మొహాలు చూసేవాడు. చివరికి మూసారాంబాగ్‌లో ఒకమ్మాయి దొరికింది. భోజనం మధ్యలో లేచి వచ్చింది.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. మేం ఆలస్యం చేసినందుకు కాదని, బిడ్డ అంతకుముందే పోయిందని డాక్టరమ్మ చెప్పింది. అక్క ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మాస్టారు నమ్మలేదు. మళ్లీ ఆఫీసులో కొబ్బరికాయ ముట్టలేదు.

కొన్నాళ్లకు ఆ భర్త దిల్‌సుఖ్‌నగర్ గదికి వచ్చాడు. మాస్టారు లేచి నిలబడ్డారు. తిట్టడానికే వచ్చాడనుకున్నాం, తిడితే బాగుండునని కూడా అనుకున్నాం. అతను తలొంచుకుని, “నా పేరు గూడ రాస్కోండ్రి సార్. బీ పాజిటివ్. పండుగలకు నేను యాడికి పోను, గీడనే ఉంట,” అన్నాడు.

ఇప్పుడు మాస్టారు లేరు. జాబితా ఎక్కడో కిరాయి సర్వర్ మీద ఉంది. దాని మొహం నేనెప్పుడూ చూడలేదు కాబట్టి బొట్టు పెట్టే వీలు లేదు. దసరా నాడు ఆ పాత స్క్రూడ్రైవర్‌కే బొట్టు పెడతాను. ‘సర్వర్’ అని చీటీ అంటించి మురిసిపోయిన కుర్రాడు గుర్తొచ్చి కాసేపు నవ్వుకుంటాను. ఆ తర్వాత జాబితా తెరిచి, పండగలకు ఎక్కడికీ పోనన్న అతని పేరు ఉందో లేదో చూసుకుంటాను.